గొడుగు గుడ్డలో కొయ్యచేపలు

కొయ్యచేపకు ప్రాణం ఉండదు గానీ పొగరు మాత్రం ఉంటుంది. పొట్ట కింద రెండు గాలాలు, ఒక్కో గాలానికి మూడేసి కొక్కేలు. రెండు చేపల్ని పక్కపక్కన పెట్టి ఇటు తిరిగితే చాలు, పడని తోడికోడళ్లలా జుట్టూ జుట్టూ పట్టుకుంటాయి. ఇక విడదీయబోయిన వాడి వేలికే చిల్లు.

వాటిని చెక్కే వడ్రంగికి కూడా వాటి గుణమే పట్టుకుందని అతని పెళ్లాం అంటుంది. పాపం, ఊరికే పట్టలేదు. సగం జీవితం కుర్చీలూ బల్లలూ చేసిన చోట తలుపులు మూసేశారు. ఇప్పుడు కుర్చీలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, నాలుగు మరలు బిగించుకుంటే అయిపోతుంది. వడ్రంగితో ఎవరికేం పని? ఖాళీగా కూర్చోలేక ఈ చేపలు మొదలుపెట్టాడు. సరదాకి చేపలు పట్టేవాళ్లు వీటిని దారానికి కట్టి నీళ్లలో లాగుతారు. అసలు చేప చూసి, ఏదో పిల్లచేప అనుకుని నోరు తెరుస్తుంది. తీపి మాటలు నమ్మి మనుషులు తెరవడం లేదూ, అలాగే.

దూరాన పెద్ద సరస్సు ఒడ్డున గాలాల కొట్టు ఉంది. ఆ కొట్టావిడ ఫోనులో, "తీసుకురండి, చూస్తాను. నచ్చితే పెడతాను" అంది. నచ్చితే సరే. నచ్చకపోతే బామ్మర్ది గోడౌన్లో కాపలా పని. బామ్మర్ది చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకుని ఊరుకోవచ్చు. వాడు మంచివాడు. "ఎండలో నిలబెడతానా బావా? ఫ్యాన్ కింద కుర్చీ వేయిస్తాను" అన్నాడు ప్రేమగా. కుర్చీలు చేసిన వాడికి వీడు కుర్చీ వేయిస్తాడట! ఆ మాట వడ్రంగి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ప్రయాణానికి ముందురోజు పెళ్లాం తన కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చి చేతిలో ఒక గుడ్డచుట్ట పెట్టింది. ఊచలు విరిగిన పాత గొడుగు గుడ్డ విప్పి, సన్నటి జేబులు వరసగా కుట్టింది. చేపకో జేబు. చాపలా చుట్టేయడమే. చివర ఒక ఉచ్చు, దానికి బొత్తాం. ఆ బొత్తాం ఏమిటా అని చూస్తే, తోక విరిగిందని అతను చెత్తలో పారేసిన బుల్లి చేప.

"గాలాన్ని గుడ్డలో పెడతావా? పిల్లిని తీసుకెళ్లి దారపు ఉండలో పడుకోబెట్టినట్టే!"

"కొక్కేనికి స్ట్రా ముక్క తొడిగాను, చూడండి. ఇంక దేన్ని పట్టుకుంటుంది? మీ నోటికి కూడా ఒకటి తొడగమంటారా?"

అతను వినలేదు. అతని దగ్గర బిస్కెట్ల డబ్బా ఉంది. లోపల స్పాంజి కోసి, గళ్లు చేసి, మంచి చేపలన్నీ అందులో పేర్చాడు. డబ్బా నిండింది. చివరికి మూడు మిగిలాయి, రంగు అంత బాగా కుదరనివి. ఇంట్లో గోల తగ్గుతుందని వాటిని గొడుగు గుడ్డలో దూర్చి సంచీ అడుగున పడేశాడు.

రైల్లో బామ్మర్ది కూడా బయల్దేరాడు. వాడికి చేపలు పట్టే పిచ్చి. ఎరకి వాడే రబ్బరు పురుగుల పొట్లం ఒకటి చేతిలో పట్టుకుని, "ఇవెక్కడ పెట్టను బావా? కవరు చిరిగింది" అన్నాడు.

"నీ నెత్తిన పెట్టుకో" అని వడ్రంగి కిటికీ పక్కన కునుకు తీశాడు. మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీలోంచే పడి, ఒళ్లోని డబ్బాను దారంతా కాల్చింది.

కొట్టు చిన్నదే. పైకప్పు నిండా గాలపు కర్రలు వేలాడుతున్నాయి, గుమ్మం దగ్గర పెద్ద నీళ్ల తొట్టి. కొట్టావిడ కళ్లజోడు మెడలోంచి తీసి పెట్టుకుంది. వడ్రంగి గొంతు సవరించుకుని, డబ్బా మూత తీశాడు.

లోపల చేపలు లేవు. నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ముంది. రబ్బరు పురుగులు కరిగి చేపల వీపుల మీద అంటుకుని, రంగంతా పొంగి, ఎరుపు ఆకుపచ్చలోకి, ఆకుపచ్చ స్పాంజిలోకి కారింది.

"మెత్తటివి కదా బావా... డబ్బా తీసి చేపల మధ్యలో పెడితే గీతలు పడవనుకున్నా" అన్నాడు బామ్మర్ది, గోడవైపు జరుగుతూ.

వడ్రంగి మూత మళ్లీ వేయబోయాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని సామెత. కొట్లో బేరమాడుతున్న ఇద్దరు మెడలు చాచి మరీ చూస్తున్నారు. అతని కళ్లముందు ఫ్యాన్ కింద కుర్చీ ఒకటి తిరిగింది.

కొట్టావిడ మాత్రం నవ్వలేదు. "రబ్బరూ రంగూ ఒక్కచోట పెడితే ఇంతేనండీ. ఎండ తగిలితే మరీను. ఏటా ఎవరో ఒకరు ఇలాగే ఏడుస్తూ వస్తారు. ఇంకేం లేవా?"

లేవందామనుకున్నాడు. అంత దూరం వచ్చి లేవనడానికి మనసొప్పక, సంచీ అడుగునుంచి చుట్ట తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ చేప బొత్తాం తప్పించి, దాన్ని బారుగా పరిచింది. మూడు చేపలూ ఎవరి పక్కలో వాళ్లు పడుకున్న పిల్లల్లా ఉన్నాయి. ఆవిడ చేపల్ని చూడలేదు. గుడ్డ తిరగేసింది, కుట్టు లాగి చూసింది, స్ట్రా ముక్క ఊడదీసి మళ్లీ తొడిగింది.

"ఇదెక్కడ కొన్నారు?"

"కొనలేదు. మా ఆవిడ... పాత గొడుగు..."

"ఈ బొత్తాం?"

"అది నేను పారేసింది."

అప్పుడు ఒక చేపను దారానికి కట్టి తొట్టిలో వేసి లాగింది. చేప నడుం తిప్పుకుంటూ వయ్యారంగా వెళ్లింది. "నడక బాగుంది" అంది ఆవిడ. వడ్రంగి ఊపిరి వదిలాడు, తొందరపడి.

"కానీ కొయ్యచేపలు నా గోడనిండా ఉన్నాయి. ఇలాంటి చుట్ట లేదు. పొద్దున్నే వచ్చి, గాలాల చిక్కు తీసుకోవడంతోనే సగం పూట పోగొట్టుకుంటారు మా దగ్గర కొనేవాళ్లు. చుట్టలో మూడు చేపలు, పైన చేప బొత్తాం. అలా కట్టి తెస్తే నా గల్లాపెట్టె పక్కనే పెడతాను. ఎన్ని తెస్తే అన్ని."

ఏడాదంతా చెక్కినవి వెనక, ఒక్క పూటలో కుట్టింది ముందు! చురుక్కుమంది. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "మీకు నచ్చింది చేపా, చుట్టా?"

"రెంటిలో ఏ ఒక్కటే వచ్చినా దణ్ణం పెట్టి పంపేదాన్ని" అంది ఆవిడ.

మెట్లమీద కూర్చుని ఇంటికి ఫోను చేశాడు.

"డబ్బాలోవన్నీ పోయాయి. మీ తమ్ముడు చంపేశాడు."

"అయ్యో! నా చుట్టలోవి?"

"ఫర్వాలేదు."

"ఫర్వాలేదంటే?"

"బాగుంది అన్నాను కదా!"

"అనలేదు. ఇప్పుడనండి."

అన్నాడు. కొట్టావిడ మాట కూడా చెప్పాడు. అవతల ఒకటే మాటలు. వీధి చివర గొడుగులు బాగుచేసే ముసలాయన దగ్గర విరిగినవి మూటలున్నాయట, ఇప్పుడే వెళ్లి అడుగుతుందట, బొత్తాలకు తోకలు మాత్రం విరగ్గొట్టకుండా చెక్కమంది.

"మరి గోడౌన్ కుర్చీ బావా?" అన్నాడు బామ్మర్ది, భయం భయంగా.

"నువ్వే కూర్చో. కాలు వదులైతే చెప్పు, వచ్చి బిగిస్తాను."

తిరుగు రైల్లో వడ్రంగి గరుకు కాగితంతో పాడైన చేపల్ని రుద్దుకుంటూ కూర్చున్నాడు. రంగు కింద కొయ్య గట్టిగానే ఉంది. ఎదురుగా బామ్మర్ది, ఎవరూ అడక్కపోయినా, రబ్బరు పురుగుల పొట్లం నెత్తిన పెట్టుకుని, పైన టోపీ బిగించి, కదలకుండా కూర్చున్నాడు.