నాలుగు సెకన్ల ఎడమకాలు

ఆఫీసులో ఆవిడను ఎదురుగా ‘మేడమ్’ అంటారు, వెనకాల ‘చెవుల మేడమ్’ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఏమీ అనదు, పైపెచ్చు లోలోపల మురిసిపోతుంది. ఎందుకు మురిసిపోదు మరి? ఆ చెవులతోనే కదా మూడంతస్తుల టీవీ కంపెనీ నిలబెట్టింది!

పద్దెనిమిదో ఏట డబ్బింగు స్టూడియోలో ఏడవడానికి చేరింది. అవును, ఏడవడానికే. తెరమీద ఎవరో ఏడుస్తుంటే మైకు ముందు నిలబడి ఈవిడ గొంతు ఏడ్చేది. మొగుడు వదిలేసినదాని ఏడుపు వేరు, మొగుణ్ణి వదిలేసినదాని ఏడుపు వేరు. ఆ తేడా గొంతులో పలికించడం ఆ స్టూడియో మొత్తానికి ఈవిడ ఒక్కదానికే చేతనయ్యేది. ఆరేళ్ళు అలా గడిచాక ఒకరోజు మైకు పక్కకు నెట్టి, “ఇక నేను ఏడవను, నలుగురి చేతా ఏడిపిస్తాను” అని బయటికొచ్చేసింది. లాండ్రీ షాపు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని కంపెనీ బోర్డు కట్టింది. ఒక గదిలో ఆఫీసు, రెండో గదిలో ఎడిటింగు. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి, పైన ఈవిడ ఆవేశం. ఎండాకాలంలో ఆ మేడమీద మనిషన్నవాడు నిలవలేకపోయేవాడు. నిలిచినవాడు ఒక్కడే, ఎడిటరు. అందుకే ఆయన్ను పెళ్ళి చేసుకుంది.

“ముందు పనిమంతుడు, ఆ తర్వాతే మొగుడు” అని ఇప్పటికీ నలుగురి ముందూ అంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఆయన మాట్లాడే మాటలు రోజు మొత్తం మీద పది దాటవు. అందులో నాలుగు టీ గురించే.

ఆ రెండు గదుల రోజుల్లోనే ఆవిడకో సూత్రం దొరికింది. సాయంత్రం ఏడున్నరకు కాళ్ళు చాపుకుని తీరిగ్గా టీవీ ముందు కూర్చునే ఇల్లాలు ఎక్కడుందండీ? పొయ్యి దగ్గరుంటుంది. టీవీ హాల్లో దాని మానాన అది వాగుతూ ఉంటుంది. కాబట్టి చూడకపోయినా కథ చెవిన పడాలి. అందుకని ఎపిసోడు తయారవగానే మేడమ్ గదిలో వేస్తారు. ఆవిడ టీవీకి వీపు పెట్టి కూర్చుని, చెక్కపీట మీద బీన్స్ తరుగుతూ వింటుంది. కత్తి ఆగిందా, ఆ సీను గోవిందా.

“తలుపు చప్పుడైంది, వచ్చిందెవరు? నాకెలా తెలుస్తుంది? తిరగరాయండి!”

రచయిత నెత్తి బాదుకునేవాడు, తిరగరాసేవాడు. తరిగిన బీన్స్ క్యాంటీనుకు వెళ్ళేవి. వారానికి అయిదు రోజులూ అదే కూరేమిటని అడిగే ధైర్యం ఆ మూడంతస్తుల్లో ఎవడికీ లేదు.

నవ్వితే నవ్వారు గానీ, ఇరవై రెండేళ్ళలో తొమ్మిది సీరియళ్ళు తీస్తే ఒక్కటీ మధ్యలో ఆగలేదు. ఇప్పుడు ఏడున్నరకు వస్తున్నది అత్తా పెద్దకోడళ్ళ కథ. పదకొండు వందల ఎపిసోడ్లు దాటేసింది.

అలాంటి సమయంలో ఛానలుకు కొత్త హెడ్డు వచ్చాడు. అంతకుముందు సబ్బులు అమ్మే కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. ఆవిడ చూడగానే ‘సబ్బులబాబు’ అని పేరు పెట్టేసింది. ఆ సోమవారం పిలిపించి, పాత పత్రిక ఒకటి ముందు పెట్టాడు. అందులో ఆవిడ ఇంటర్వ్యూ.

“మీరన్న మాటే చదువుతాను, వినండి మేడమ్. ‘నా ప్రేక్షకురాలు వంటింట్లో ఉంటుంది, నేను చెవులకే సీరియల్ తీస్తాను.’ మీరన్నదేనా?”

“నేనన్నదే. తప్పేముంది?”

“తప్పేం లేదు. కాకపోతే మా దగ్గర ప్రకటన వేసేవాడు తన సబ్బు రంగు జనానికి కనపడాలనుకుంటాడు. మీ సీరియల్ వస్తున్నంతసేపూ టీవీ మోగుతుంది గానీ దాని వంక చూసేవాళ్ళే లేరని మా సర్వేవాళ్ళంటున్నారు. మీరూ అదే అన్నారు. గురువారం పదకొండింటికి రండి. జనం మీ సీరియల్ని వినడం కాదు, కళ్ళు పెట్టి చూస్తున్నారని ఒక్క రుజువు చూపించండి. లేకపోతే వచ్చే సోమవారం నుంచి ఆ టైములో ఆటల పోటీ వేస్తాం.”

తన మాటే తన మెడకు చుట్టుకుంది. అయినా ఆవిడ తొణకలేదు. “గురువారం కలుద్దాం బాబూ” అని లేచొచ్చేసింది. కారెక్కాక మాత్రం వేళ్ళ మీద లెక్కలేసుకుంది. ఆ ఏడున్నర పోతే సీరియల్ పోతుంది. సీరియల్ మీద ఎనభై మంది బతుకుతున్నారు. పొయ్యి దగ్గరున్న మనిషి కళ్ళు ఎటున్నాయో సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మర్నాడు మంగళవారం ఎపిసోడుకు కత్తి ఒక్కసారి కూడా ఆగలేదు. పెద్దకోడలు మెట్ల మీద నుంచి పడి కాలు విరిగి మంచం మీదుంది. అత్తగారు తొలిసారి మెత్తగా మాట్లాడుతుంది. మాటలు ముత్యాల్లా ఉన్నాయి. “భేష్, పంపించేయండి” అంది.

సాయంత్రం ఏడూ నలభై ఒకటికి ఆఫీసు ఫోను మోగడం మొదలైంది. రిసెప్షన్ అమ్మాయి పెట్టీ పెట్టకముందే మళ్ళీ మోగింది. అందరిదీ ఒకటే మాట. కుడికాలికి ఉన్న పిండికట్టు ఉన్నట్టుండి ఎడమకాలికి ఎందుకొచ్చింది? మళ్ళీ కుడికాలికి ఎందుకెళ్ళింది? తెల్లారేసరికి ఆ ముక్క ఊళ్ళో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది.

బుధవారం పొద్దున మేడమ్ ఎడిటింగు గదిలోకి సుడిగాలిలా వచ్చింది. అప్పటికే ప్రొడక్షన్ మేనేజరు అక్కడ చేతులు నలుపుకుంటున్నాడు.

“మేడమ్, ప్రసారంలో ఏదో లోపం వచ్చిందని చెప్పేద్దాం. ఎవరడుగుతారు?”

“అబద్ధాలు నేను సీరియల్లోనే చెబుతాను. బయట చెప్పను. నువ్వెళ్ళు.”

అతను బతుకుజీవుడా అని బయటపడ్డాడు. ఆవిడ మొగుడివైపు తిరిగింది.

“ఏమండీ, ఏం జరిగింది?”

“నేనే తిప్పాను” అన్నాడాయన.

ఎడిటింగులో అదొక సదుపాయం. కావాలంటే ఒక షాటును అద్దంలో చూసినట్టు తిప్పేయొచ్చు. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆ షాటులో పెద్దకోడలు మెడదాకా దుప్పటి కప్పుకుని ఉంది, కట్టుకట్టిన కాలొక్కటే బయటుంది. షాటు తిరిగింది, దాంతోపాటు కాలూ తిరిగింది.

“ఇరవై రెండేళ్ళ అనుభవం! పిండికట్టు అంత లావున ఉంటే కనపడలేదా? అదీ ఈ వారంలోనా? ఆ సబ్బులబాబుకు పళ్ళెంలో పెట్టి అందించారు కదా!”

“నా తప్పే. మొహం చూస్తూ కాలు మర్చిపోయాను” అన్నాడు. “నీక్కూడా వేసి చూపించాంగా” అన్నాడు.

“నేను చూడనని, వింటానని మీకు తెలీదా?”

“తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు.”

ఆ మాటలో కోపం లేదు, దెప్పిపొడుపూ లేదు. అయినా ఎక్కడో గుచ్చుకుంది. ఆవిడ గిరుక్కున తిరిగి బయటికొచ్చేసింది. షాటు ఎందుకు తిప్పారని మాత్రం అడగలేదు.

రిసెప్షన్ దగ్గర ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చుంది. “అందరూ తిట్లే మేడమ్. ఫోను చేసినవాళ్ళ మాటలన్నీ రాసిపెట్టాను. చదవకండి.”

చదవొద్దంటే చదవకుండా ఉండే రకమా ఆవిడ? నోటుబుక్కు లాక్కుని అక్కడే నిలబడి చదివింది. ఎముకల డాక్టరు ఒకాయన, ‘నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి కాలు చూడలేదు’ అన్నాడు. బస్సు కండక్టరు ఒకడు, బస్టాండులో టీవీ ముందు అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారన్నాడు. మనవడితో పందెం కాసిన నాయనమ్మ, కట్టు అసలు ఏ కాలికో కచ్చితంగా చెప్పమంది. ఒకావిడ మరీ కోపంగా, ‘మీ పెద్దకోడలి కాలు చూస్తూ నిలబడి కూర మాడగొట్టుకున్నాను, మా ఇంట్లో రాత్రికి ఏం పెట్టమంటారు?’ అని నిలదీసింది.

ఆవిడ ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి చదివింది. మొహం మెల్లిగా విప్పారింది.

“ఎన్ని ఫోన్లొచ్చాయి?”

“నేను ఎత్తినవి రెండొందల పన్నెండు. ఛానలు వాళ్ళకు మూడు వేలు దాటాయట మేడమ్.”

“పిచ్చిదానా, ఏడుస్తావేంటే! రేపు ఈ పుస్తకం నాతో తీసుకెళ్తాను. ఎడిటర్ గారితో చెప్పు, రేపు పదకొండింటికి ఆయన కూడా నాతో వస్తున్నారని.”

గురువారం సబ్బులబాబు గదిలోకి ఆవిడ ముందు, ఆయన వెనక నడిచారు. అతను అప్పటికే నవ్వుతున్నాడు.

“మేడమ్, మీ పెద్దకోడలి కాలు గురించి మా ఇంట్లో కూడా ఒకటే నవ్వు!”

“అలాగా? ముందు ఎవరు నవ్వారు బాబూ?”

“మా అమ్మ. మంగళవారం అప్పటికప్పుడే ఫోన్ చేసి చెప్పింది.”

“ఆ షాటు ఎంతసేపుందో తెలుసా?”

“మావాళ్ళు లెక్కపెట్టారు. నాలుగు సెకన్లు.”

“ఆ నాలుగు సెకన్లూ మీ అమ్మగారు ఎటు చూస్తున్నారు?”

అతని నవ్వు పెదాల మీదే ఉండిపోయింది. ఆవిడ నోటుబుక్కు తెరిచి అతని ముందుకు జరిపింది.

“నాలుగు సెకన్ల పాటు కట్టు కాలు మారితే మూడు వేల మంది పట్టుకున్నారు. డాక్టరు పట్టుకున్నాడు, కండక్టరు పట్టుకున్నాడు. ఈవిడెవరో కూర మాడగొట్టుకుని మరీ పట్టుకుంది. వీళ్ళు ఫోను చేసినవాళ్ళు మాత్రమే. నవ్వుకుని ఊరుకున్నవాళ్ళు ఎంతమందో మీ సర్వేవాళ్ళనే అడగండి. రుజువు అడిగారుగా, ఇదిగో. మీ సబ్బు ఏ రంగుదైనా సరే, తెచ్చి ఆ కాలి పక్కన పెట్టండి. కనపడకపోతే నన్నడగండి!”

అతను నోటుబుక్కు పేజీలు తిప్పాడు. ఒకచోట పకాలున నవ్వేశాడు. నవ్వాక మొహంలో హోదా మిగలదు కదా, కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఆటల పోటీ ఇంకెక్కడైనా వేసుకుంటాంలెండి. ఏడున్నర మీదే. అమ్మకు జవాబు చెప్పుకునే ఓపిక నాకూ లేదు.” తర్వాత ఊరికే, తెలుసుకుందామన్నట్టు అడిగాడు. “కానీ మేడమ్, అంతమందికి కనపడింది మీకెందుకు కనపడలేదు?”

ఆవిడ నోటుబుక్కు వెనక్కి తీసుకుని మూసింది.

“నేను చూడలేదు” అంది. “చూసే పనంతా ఈయనది.”

అతను ఆయన వైపు తిరిగాడు. “అసలు ఆ షాటు ఎందుకు తిప్పారు సార్?”

ఆయన ఇబ్బందిగా కదిలాడు. రోజుకు పది మాటల మనిషి ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

“షూటింగులో ఇద్దరినీ ఒకే వైపు చూస్తుండగా తీశారండీ. అలాగే ఉంచేస్తే ఇద్దరూ గోడతో మాట్లాడినట్టుంటుంది. నాలుగేళ్ళ తర్వాత అత్తాకోడళ్ళు మొదటిసారి మంచిగా మాట్లాడుకుంటున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదండీ. అందుకని ఒకదాన్ని తిప్పాను.”

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. చెవుల దగ్గర జుట్టు ఎప్పుడు నెరిసిందో ఆవిడకు తెలియదు.

ఆఫీసుకు రాగానే అంతా చుట్టూ చేరారు. ఏడున్నర మనదేనని చెప్పి, ఈలలు వేస్తున్నవాళ్ళను దాటుకుని, తిన్నగా ఎడిటింగు గదిలోకెళ్ళింది. ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“పెద్దకోడలిది మొదటి ఎపిసోడు పెట్టండి.”

“ఇప్పుడా? ఎందుకు?”

“పెట్టండి అంటుంటే.”

పెట్టాడు. కొత్తకోడలు తన గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఆ మాటలు ఆవిడకు కంఠతా వచ్చు. తర్వాత చప్పుడేమీ లేదు. తెరమీద అత్తగారు మూసిన తలుపు ముందు నిలబడింది. తట్టబోయి చెయ్యెత్తింది. తట్టలేదు. చెయ్యి అలాగే గాల్లో ఉంది, మెల్లిగా కిందికొచ్చింది. అత్తగారు వెనక్కి వెళ్ళిపోయింది.

ఆవిడకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా గర్వం కలిగింది. ఆ గర్వం తన మీద కాదు.

“ఇక్కడ వినడానికేమీ లేదే?” అంది మెల్లిగా.

“లేదు. ఇది చూసేవాళ్ళకి.”

“ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

ఆయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు. “ఎపిసోడుకొకటి పెడతాను.”

“అంటే పదకొండు వందల నలభైయా?”

“నలభై రెండు.”

ఆవిడ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“రెండోది పెట్టండి.”