అజారా కొత్త ఇల్లు

తెల్లపిల్లల బడి సెలవులు మా వానల్లో వస్తాయి. వాళ్ళ తప్పు అదొక్కటే. మిగతావన్నీ దానికి పుట్టిన పిల్లలు.

ఆ ఏడు వాళ్ళ బస్సు మా బురదలో దిగబడితే ఊరంతా కలిసి లాగాం. నీళ్ళసీసాలు ఎన్ని దించారంటే, మా ఏరు సిగ్గుపడి మూరెడు వెనక్కి తగ్గింది. నమ్మనివాళ్ళు మానెయ్యండి. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు, మంచివాళ్ళే. ‘ఆఫ్రికాకు మా చెయ్యి’ అని చొక్కాల మీద రాసుకుని, పేదలకు ఇల్లు కట్టాలని సముద్రం దాటి వచ్చారు. వాళ్ళను తిప్పే తమాలే పట్నం కుర్రాడు ఇద్రీసు, మా పక్కింటి అజారాను చూపించాడు. మొగుడు పోయిన మనిషి. మందపాటి మట్టిగోడలు, గడ్డికప్పు, చుక్క కారని ఇల్లు.

"సిమెంటు ఇల్లు అత్తా, రేకుల కప్పు! పాతది పడగొడితేనే చోటు."

"వానల్లో ఎవడైనా గోడ ముడతాడట్రా? ఎండలొచ్చాక రమ్మను."

"అప్పుడు వాళ్ళకు బడి. నువ్వు వద్దంటే పక్కూరికి పోతారు."

పక్కూళ్ళో అజారా తోడికోడలు ఉంది.

"పడగొట్టండి," అంది అజారా.

సంకటి ఉడికేలోగా ఇల్లు నేలమట్టం చేశారు. పడగొట్టడంలో ఏ దేశం పిల్లలైనా దిట్టలే. కట్టబోతే వాన పట్టుకుంది. కలిపిన సిమెంటు కలిపినట్టే ఏట్లోకి పోయింది. చేపలు రాళ్ళయ్యాయని మనవళ్ళకు చెప్పాను. గోడలు మోకాలెత్తు లేచేసరికి సెలవులు అయిపోయాయి. అజారాను వాటేసుకుని ఏడ్చి బస్సెక్కారు. ఆమె మా వంటపాకలో చాప వేసుకుంది.

మరుసటేడు మళ్ళీ వానలు, మళ్ళీ బస్సు, కొత్త పిల్లలు. అజారా మంచి తలగుడ్డ కట్టుకుని ఆ మొండిగోడల మధ్య నిలబడింది.

"అత్తా, ఒకళ్ళు మొదలెట్టింది వీళ్ళు ముట్టరు. తొలి ఇటుక తామే పెట్టాలట," అన్నాడు ఇద్రీసు, నేల చూస్తూ.

"మరి నా కప్పు?"

ఇద్రీసు పిల్లలకు వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. మొహాలు వెలిగాయి. పొద్దు వాలేసరికి గోడల మీద కర్రల దడి, సందుకో తలుపు, లోపల సంతలో కొన్న మేకలు. మేకలదొడ్డికి తొలి కర్ర వాళ్ళదే. రిబ్బను కట్టి కత్తెర అజారా చేతికిచ్చారు. కత్తిరించింది. ఫోటోకి నవ్వమన్నారు. నవ్వింది.

అంతలో వాన. మేకలు గోల పెట్టాయి. పాపం తడుస్తున్నాయని ఓ పిల్ల ఏడుపు అందుకుంది. మిగతావాళ్ళు పరుగున పోయి, బస్సు మీది పరదా పట్టా విప్పుకొచ్చి దడి మీద కప్పారు.

"చూశావా అన్నా," అంది అజారా తడుస్తూ, "కప్పు పడింది."

వంటపాకలో ఆమె చాప తడవకుండా చుట్టి పెట్టడానికి పోయాను.