మేస్త్రీ పాసు చేసిన కుర్చీ

మా కుందేలు పేరు మేస్త్రీ. ఆ పేరు మా ఆయన పెట్టారు. ఆయన కుర్చీలు చేసేవారు. ఇంటి వెనక పనిగదిలో ఏ కుర్చీ తయారైనా, నూనె పూయకముందు దాన్ని తిరగేసి కుందేలు ముందు పెట్టేవారు. అది చుట్టూ తిరిగి, వాసన చూసి, కాళ్ళను కలిపే అడ్డచెక్కను ఒక్కసారి కొరికేది. "మేస్త్రీగారు పాసు చేశారు" అని అప్పుడు నూనెడబ్బా మూత తీసేవారు. ఆ పంటిగాటు మీద గరుకుకాగితం ఎప్పుడూ పెట్టలేదు. కుందేలు కొరికిన కుర్చీలో కూర్చుని భోంచేస్తున్నామని ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

ఆయన పోయాక పనిగదికి తాళం వేశాను. లోపల రంపపు పొట్టు వాసన ఉంది. తలుపు తీస్తే అది పోతుందని భయం. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

అప్పటిదాకా మేస్త్రీ ఆయన దగ్గరే ఉండేది. బల్లకింద తొట్టిలో ఎండుగడ్డి తింటూ, రాలిపడ్డ చెక్కముక్కలు కొరుక్కుంటూ. దాన్ని వంటింట్లోకి తెచ్చాం. దాని బాగోగులు చూసే పని మా అత్తయ్య తీసుకుంది. కొడుకు పోయిన మనిషి, చేతులకేదో పని కావాలి. క్యారెట్ చెక్కు తీసి, ఉడికించి, మెత్తగా మెదిపి పెట్టేది. "నోరులేని జీవి. ఆ గడ్డిపరకలు గొంతులో గుచ్చుకోవూ?" అనేది. మా అమ్మాయి నానమ్మకు తెలియకుండా అరటిపండు పెట్టేది. నేను బడి నుంచి రాగానే వాళ్ళిద్దరికీ తెలియకుండా ఇంకో ముక్క పెట్టేదాన్ని.

నేను పాఠాలు చెప్పే బడిలోనూ నాకు అలాగే జరిగేది. అల్లరి తరగతి తీసేసి, నోరు మెదపని పిల్లల్ని ఇచ్చారు. దిద్దాల్సిన పరీక్ష కాగితాలు నా బల్లమీదికి రావడం మానేశాయి. నేను టీచర్ల గదిలోకి అడుగుపెడితే నవ్వులు ఆగిపోయేవి. అందరూ మంచివాళ్ళే.

మొదట మేస్త్రీ ఉడికిన క్యారెట్ వదిలేసింది. తర్వాత అరటిపండు దగ్గరికి ఆత్రంగా వచ్చి, నోట్లో పెట్టుకుని, జారవిడిచింది. గడ్డం కింద బొచ్చు ఎప్పుడు చూసినా తడి. ఒకనాడు ఒళ్ళో పెట్టుకుని నిమిరితే వెన్నుపూసలు చేతికి తగిలాయి. పైకి బొద్దుగానే ఉంది. ఆ బొద్దంతా బొచ్చే.

"దిగులు పెట్టుకుంది" అంది అత్తయ్య. "వాడి మీద బెంగ. నాకు తెలుసు."

"నీకన్నీ తెలుసులే నానమ్మా. దాని నోట్లో ఏముందో కూడా తెలుసా?"

"తెలుసు. నీ నోట్లో కంటే తక్కువ మాటలున్నాయి."

ఈ ఇంట్లో ఇంకొకరు తిండి మానేసి వెళ్ళిపోవడం నేను చూడలేను. బుట్టలో పాతతువ్వాలు పరిచాను. ముగ్గురం పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాం.

డాక్టరు గట్టిగొంతు ఆవిడ. నా సంగతి ఆవిడకు తెలియదు కాబట్టి నన్ను చూసి గొంతు తగ్గించలేదు. నాకది హాయిగా ఉంది. మేస్త్రీని తూకం వేసి, పెదవి విరిచి, నోట్లోకి లైటు వేసి చూశారు.

"దీనికి వంట చేసేదెవరు?"

అత్తయ్య మురిసిపోతూ చెయ్యెత్తింది. "నేనేనమ్మా."

"మానెయ్యండి."

అత్తయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"కుందేలుకి బతికున్నన్నాళ్ళూ పళ్ళు పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితే అరుగుతాయి. మీరు దీనికి నమిలే పని లేకుండా చేశారు. వెనకపళ్ళు మొనదేరి నాలుక్కి గుచ్చుకుంటున్నాయి. ఆకలేస్తోంది, తినబోతే నొప్పి. ఎట్లా తింటుంది?"

"అయితే బెంగ కాదా?" అత్తయ్య గొంతు చిన్నదైంది.

"బెంగ సంగతి నాకు తెలీదు పెద్దమ్మా. పళ్ళు మాత్రం పొడుగే. ఇదివరకు ఏం కొరికేది?"

"కుర్చీలు" అంది మా అమ్మాయి.

డాక్టరు నావైపు చూశారు. "నిజమేనండీ" అన్నాను.

మత్తిచ్చి పళ్ళ మొనలు అరగదీశారు. ఇంత చిక్కిపోయిన ప్రాణి మత్తుకి తట్టుకుంటుందో లేదోనని బయట బల్లమీద ముగ్గురం కూర్చున్నాం. అమ్మాయి అలవాటుగా బల్ల అడుగున వేళ్ళు పెట్టి తడిమింది. గాటు లేదు. నాన్న చేసింది కాదు. మేస్త్రీ చెవులు వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"నొప్పికి మందిచ్చాను. చీకటి పడేలోపు తనంతట తనే గడ్డి తినాలి. కుందేలు కడుపు ఖాళీగా ఉంటే పేగులు ఆగిపోతాయి. తినకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి" అన్నారు డాక్టరు.

వంటింట్లో గడ్డి పరిచాం. మేస్త్రీ గోడవైపు తిరిగి కూర్చుంది.

"కాస్త ఉడికించి పెడితే..."

"నానమ్మా!"

"అనలేదే. అనుకున్నానంతే."

కిటికీలోంచి పడే ఎండ నేల దాటి గోడెక్కింది. అప్పుడు మేస్త్రీ లేచింది. గడ్డి పక్కనుంచే నడిచి, పెరటి తలుపు దగ్గరికెళ్ళి, తలుపు కింది సందులో ముక్కు పెట్టింది. ఇద్దరూ నావైపు చూశారు. తాళంచెవి నా బడిసంచిలో, సుద్దముక్కల మధ్య ఉంటుంది. తీశాను.

పనిగది తలుపు తెరవగానే వాసన మా ముగ్గురినీ దాటుకుని పెరట్లోకి వెళ్ళింది. అత్తయ్య కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

ఆయన చివరి కుర్చీ నేలమీద తిరగేసి ఉంది. నాలుగు కాళ్ళూ పైకి. నూనె పూయలేదు. మేస్త్రీ కోసం పెట్టి ఉంచారు.

అది గుమ్మం దాటింది. కుర్చీ చుట్టూ తిరిగింది. ఒక కాలికి గడ్డం రుద్దింది. అడ్డచెక్క దగ్గర ఆగి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

కర్ర్.

"పాసు!" అని అరిచింది మా అమ్మాయి.

కర్ర్. కర్ర్. కర్ర్.

"ఒక్కటి చాల్రా నాయనా! కూర్చోడానికి మాక్కాస్త మిగల్చు!" అంది అత్తయ్య.

నవ్వొచ్చింది. చాన్నాళ్ళుగా వాడని గొంతు కదా, నవ్వు మరీ పెద్దగా వచ్చింది. నన్ను చూసి అత్తయ్య, అత్తయ్యను చూసి అమ్మాయి మొదలుపెట్టారు. అమ్మాయి నవ్వుతూనే గడ్డి తెచ్చి బల్లకింద తొట్టిలో వేసింది. మేస్త్రీ మమ్మల్ని పట్టించుకోకుండా అందులోకి దూరింది. దవడ అటూ ఇటూ ఆడిస్తూ ఒక్కో పరకనూ లోపలికి లాక్కుంటుంటే, ముగ్గురం రంపపు పొట్టులో చతికిలబడి చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు దాని వెన్ను తడిమితే కండ తగులుతోంది. పనిగదికి తాళం లేదు. అమ్మాయి ఆయన డబ్బా తెరిచి కుర్చీకి నూనె పూసింది. ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. అడ్డచెక్క ఒకచోట సగం మాత్రమే మిగిలింది. దానిమీద మేమూ గరుకుకాగితం పెట్టలేదు.

నేను హెడ్‌మాస్టారి దగ్గరికెళ్ళి నా అల్లరి తరగతి నాకిచ్చెయ్యమన్నాను. "ఆ కోతుల్నా? ఆలోచించుకున్నారా?" అన్నారు. ఆలోచించుకునే వచ్చానన్నాను. మొదటిరోజే నా కుర్చీకి ఎవరో జిగురు పూశారు.

ఇంట్లో ఆ చివరి కుర్చీ అత్తయ్యది. అందులో కూర్చునే క్యారెట్లు తరుగుతుంది, మాకోసం. చివర్న ఒక చిన్నముక్క పచ్చిదే మేస్త్రీకి విసురుతుంది. దగ్గర్లో కాదు. గుమ్మం అవతలికి.

"పరిగెత్తి తెచ్చుకో" అంటుంది. "ఇక్కడెవరూ నీకు తినిపించరు."