ఎడమ చేతి కొలత

ఆ కొట్టులో ఎవరు చొక్కా కుట్టించుకున్నా ఎడమ చెయ్యి కాస్త పొట్టిగానే వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అద్దం ముందు నిలబడి మణికట్టు వైపు అనుమానంగా చూసుకుంటారు. పెదనాన్న ఇలాంటి చూపులు బోలెడు చూసినవాడు. "వాచీ పెట్టుకునే చెయ్యి కదండీ, కనపడొద్దూ?" అంటాడు తాపీగా. వాచీ లేనివాడు కూడా నిజమేనని తలూపి చొక్కా పట్టుకుపోతాడు. నాలుగు రోజులు పోయాక అదే మనిషి స్నేహితులకు తన చొక్కా చెయ్యి చూపించి గొప్పలు పోతుంటాడు.

ఇంట్లోవాళ్ళకు చెప్పే కథ వేరు. కొట్టు పెట్టిన ముత్తాతకు ఎడమ చెయ్యి పొట్టిట. ఆయన తన ఒంటి కొలతతోనే మొదటి అట్టలు కత్తిరించుకున్నాడట. ఆ అట్టలు గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, గీత వెంట కత్తిరిస్తారు. అవి అచ్చొచ్చాయి కాబట్టి సైజు ఎంత మారినా ఆ తేడా మాత్రం మారకూడదు. అట్ట అరిగిపోతే కొత్త అట్ట మీద పెట్టి తేడాతో సహా దింపుకుంటారు. తమ చొక్కాలూ అలాగే కుట్టుకుంటారు. ఆ ఇంటి మగవాళ్ళు వరసగా నిలబడితే ఎడమ మణికట్లన్నీ బయటికి తొంగి చూస్తూ ఉంటాయి.

కొట్టుకు ఇంకో నియమం కూడా ఉంది. కత్తెర మగవాళ్ళది. ఆడవాళ్ళు వెనకగదిలో కూర్చుని బొత్తాలు కుట్టాలి, కాజాలు తియ్యాలి, అంచులు మడవాలి. ఎందుకని అడిగితే మొదట్నుంచీ అంతే అంటారు.

ఆ వెనకగదిలో పెదనాన్న తమ్ముడి కూతురు ఉంది. ఆమె తీసినంత నున్నగా కాజా ఎవరూ తియ్యలేరు గనక ఇంటిల్లిపాదికీ ఆమె కాజాలక్క. తండ్రి పోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళను కళ్ళజోడు మీదుగా ఒక చూపు చూసి మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకునేది. రెండోసారి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆ ఏడు పెదనాన్నకు ఒక సరదా పుట్టింది. అయినవాళ్ళందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టాలి, గోడకు వంశవృక్షం వేలాడదీయాలి, ఆ తర్వాత దాన్ని అద్దం కట్టించి కొట్టులో పెట్టాలి. మనది సూదిపని వంశం గనక కాగితం మీద రాయించడం నామోషీ, గుడ్డ మీద కుట్టాల్సిందే అన్నాడు. ఆ పని కాజాలక్కకు పడింది. ఆయన పడక్కుర్చీలో వాలి పేర్లు చెబుతుంటే ఆమె ముదురు గోధుమరంగు దారంతో కొమ్మలూ, ఆకుపచ్చ దారంతో ఆకులూ, ఆకులో పేర్లూ కుట్టుకుంటూ పోయింది. ముత్తాత కింద రెండు కొమ్మలే చెప్పాడు, ఇద్దరు కొడుకులు. అక్కడ ఆమె సూది ఆగింది.

తండ్రి ఒకసారి నోరు జారిన మాట ఆమెకు గుర్తుంది. ఎవరిదో చొక్కాకు చంక దగ్గర ముడత పడితే, "మా మేనత్తయితే ఈ ముడత పడనిచ్చేది కాదు" అన్నాడు. అని, దగ్గి, మాట మార్చేశాడు. మరి ముత్తాతకు కూతురు కూడా ఉండాలి కదా అని కాజాలక్క అడిగింది. ఉండేది, చిన్నతనంలోనే పోయింది అన్నాడు పెదనాన్న, ఆమె వైపు చూడకుండా. చిన్నతనంలో పోయిన పిల్ల చొక్కాకు ముడత పడకుండా ఎలా కుడుతుందో కాజాలక్కకు అంతుపట్టలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు కనీసం లెక్క సరిచూసుకుని చెప్పాలని ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే బస్సులో ఎదురుసీటాయన లేచి పైకడ్డీ పట్టుకోవడానికి చేతులు ఎత్తాడు. ఎడమ చెయ్యి పొట్టి. మన కొట్టు చొక్కాయే అనుకుని ఆమె సంబరపడబోయింది. అంతలో కాజా కనపడింది. అది తన చేతి కాజా కాదు. గుండ్రటి మొనతో, చిక్కటి కుట్టుతో ఇంకెవరో తీసింది. ఆమె మొహమాటం గాలికొదిలి ఆయన కఫ్ పట్టుకుని తిప్పి చూసింది. ఆయన హడలిపోయి చెయ్యి లాక్కున్నాడు. ఈ చొక్కా ఎక్కడ కుట్టించారో చెప్పేదాకా దిగనివ్వనని ఆమె దారికి అడ్డంగా నిలబడింది. పాపం ఆయన, ఏటి అవతల ఊళ్ళో, ఆస్పత్రి వెనక వీధిలో అని చెప్పి, తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

సెలవు రోజున ఆమె ఆ ఊరు వెళ్ళింది. మందుల షాపుకూ, తాళంచెవులు చేసే అతని బడ్డీకీ మధ్య ఇరుకైన కొట్టు. గుమ్మంలోనే కుట్టుమిషను, ఒక పక్క ఇస్త్రీ బల్ల, లోపల కత్తిరింపు బల్ల. ఆ బల్ల ముందు ఒకావిడ, తనకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, చీరకొంగు నడుముకు దోపుకుని నిక్షేపంగా గుడ్డ కత్తిరిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆడమనిషి చేతిలో అంత పెద్ద కత్తెర చూడటం కాజాలక్కకు అదే మొదలు. ఆ చప్పుడుకు ఒళ్ళు ఝల్లుమంది. సంతోషమో, కోపమో ఆమెకే తెలియలేదు.

తను ఫలానా కొట్టు తాలూకు మనిషినని చెప్పగానే కత్తెర ఆగింది. లోపల మంచం మీద కూర్చున్న ముసలావిడ మెడ సాచి చూసింది. వరసలు కలుపుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ముసలావిడ తల్లి ఎవరో కాదు, ముత్తాత కూతురే, చిన్నతనంలోనే పోయిందన్న మనిషే. అంటే ముసలావిడ కాజాలక్కకు పెద్దమ్మ వరస అవుతుంది. కత్తెరావిడ పెద్దమ్మకూతురు, వయసులో పెద్దది.

"అయితే నేను నీకు అక్కని" అంది కత్తెరావిడ, మోచేత్తో ఒక్క పోటు పొడిచి. "ఇన్నేళ్ళూ నిన్ను ఏడిపించే హక్కు నాకు లేకుండా ఎవరో కాజేశారన్న మాట."

ఇద్దరూ నవ్వారు. తర్వాత కత్తెరావిడ గోడకున్న మేకు మీంచి నల్లగా మరకలు పడ్డ ఒక పాత అట్ట తీసి బల్ల మీద పరిచింది. అది పొట్టి చెయ్యి. మీ కొట్టులో దీన్ని ఎవరి చెయ్యంటారని అడిగింది. ముత్తాతది అంది కాజాలక్క. కత్తెరావిడ మొహంలో నవ్వు పోయింది.

"మా అమ్మమ్మది" అంది.

పెద్దమ్మ మంచం మీంచే మిగతాది చెప్పింది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి అమ్మ ఎడమ చెయ్యి విరిగింది. అతుక్కుంది గానీ పొట్టిగా అతుక్కుంది. మనిషి మాత్రం మగవాళ్ళంత పొడుగు. తండ్రికి చూపు మందగించాక కొట్టులో అట్టలన్నీ కత్తిరించింది ఆమే. వెనకగదిలో కొలతకు నిలబడేవాళ్ళెవరూ లేక తన ఒంటినే కొలుచుకుంది. తండ్రి పోయాక కత్తెర నాకివ్వండి, కత్తిరించేది ఎలాగూ నేనేగా అని అడిగింది. అన్నదమ్ములిద్దరూ ఒంటికాలి మీద లేచారు. ఆమె తన అట్టల్లో ఒక జత చంకన పెట్టుకుని, కొట్టులో ఇస్త్రీ చేసే మనిషిని పెళ్ళాడి వచ్చేసింది. వాళ్ళు ఉన్నపళంగా ఆమె చచ్చిపోయిందని అందరికీ చెప్పేశారు.

"బతికున్న మనిషిని చంపేశారే" అంది పెద్దమ్మ. "పోయేలోపు ఒక్కసారి మా అమ్మ బతికిందని వాళ్ళ నోట వినాలని ఉంది. ఇంకేమీ వద్దు నాకు."

కాజాలక్క ఆ మాట మూటగట్టుకుని వచ్చింది. రాగానే కొట్టులోకి నడిచి, కత్తిరింపు బల్ల పైన వేలాడే ముత్తాత ఫోటో కింద నిలబడింది. ఆ ఫోటోను చూడని రోజు లేదు, సరిగ్గా చూసిన రోజూ లేదు. కోటు వేసుకుని, చేతులు రెండూ నిటారుగా వదిలేసి నిలబడ్డాడాయన. రెండు చేతుల వేళ్ళూ లక్షణంగా ఒకే ఎత్తులో ఉన్నాయి.

"పెదనాన్నా, ఈయన చెయ్యి ఎక్కడ పొట్టి?" అని అడిగింది.

పెదనాన్న సుద్ద కింద పెట్టాడు. ఫోటో వైపు చూడలేదు. ఎక్కడికి వెళ్ళొచ్చావని అడిగాడు. ఆమె దాచకుండా అంతా చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ కొట్టు పరువు తీసి ఇస్త్రీవాడితో పోయిందన్నాడు, అట్టలు దొంగిలించిందన్నాడు. తన చెయ్యి తను పట్టుకుపోతే దొంగతనం ఎలా అవుతుందని కాజాలక్క అడిగింది. చనిపోయిందని చెప్పిన మనిషి మీద ఇన్ని నేరాలెందుకని కూడా అడిగింది. మీకు ఆవిడ బాగా గుర్తే కదా అంది చివరికి.

"నన్ను ఎత్తుకు తిప్పింది ఆ చేత్తోనే" అన్నాడు మెల్లిగా. వెంటనే ఆ మాట తన నోట వచ్చినందుకు తన మీదే కోపం వచ్చినట్టు గొంతు పెంచాడు. "ఆ పేరు కుట్టావో, మర్నాటి నుంచి కొట్టు గడప తొక్కక్కర్లేదు."

తెలియనివాడైతే క్షమించేది. అన్నీ తెలిసి, ఎత్తుకున్న చెయ్యి కూడా గుర్తుండి, మనిషిని లేదనడం ఆమెకు మింగుడుపడలేదు. కాజాలు తియ్యడం తప్ప వేరే పని రాని మనిషికి కొట్టు పోతే గతేమిటన్న భయం లేకపోలేదు. అయినా ఆమె వెనకగదిలోకి వెళ్ళి, గుడ్డ ఒళ్ళో పరుచుకుని, ముత్తాత కింద మూడో కొమ్మ మొదలుపెట్టింది.

కుట్టడం పూర్తయ్యాక గుడ్డను కాజాలక్కే హాలు గోడకు కట్టి, మీద తెర వేసేసింది. హాలు నిండింది. బాబాయిలు, వాళ్ళ కొడుకులు, మనవలు, అందరూ కొట్టు చొక్కాల్లోనే వచ్చారు. కాజాలక్క పిలిచిన ఇద్దరూ కూడా వచ్చారు. పెద్దమ్మ కర్ర పట్టుకుని, కత్తెరావిడ ఆమె రెక్క పట్టుకుని, చివరి వరసలో కూర్చున్నారు. ఎవరు వీళ్ళని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. పెదనాన్న వేదిక ఎక్కి, మన వంశం, మన కత్తెర, మన ముత్తాత చెయ్యి అంటూ దంచి, గోడ మీది తెర లాగాడు.

మూడు కొమ్మలు. మూడో కొమ్మ మిగతా రెండిటికంటే లావుగా ఉంది, దారం రెండు పేటలు వేసి కుట్టింది. దాని ఆకులో ఆవిడ పేరు, కింద పెద్దమ్మ పేరు, ఆ కింద కత్తెరావిడ పేరు.

వెనక ఎవరో వెక్కిన చప్పుడు వినపడింది. పెద్దమ్మ కర్ర ఊతంతో లేచి నిలబడి ఉంది. అంతదూరం నుంచి అక్షరాలు కనపడవు గనక, కత్తెరావిడ ఆమె చెవిలో చదివి చెబుతోంది.

పెదనాన్న గుడ్లురిమాడు. అందరి ముందూ ఆ పేరు ఊడదీయమన్నాడు, ఇప్పుడే, ఇక్కడే. కాజాలక్క వేదిక ఎక్కింది. అక్కడ బల్ల మీద ముత్తాత కత్తెర పెట్టి ఉంది, అందరూ చూడాలని. ఆమె దాన్ని తీసుకుంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. హాల్లో గుసగుసలు లేచాయి. ఆమె గోడ వైపు వెళ్ళలేదు, జనం వైపు తిరిగింది.

"ఊడదీస్తాను పెదనాన్నా. కానీ ఆవిడను తీసేస్తే మొత్తం తీసెయ్యాలి. ఇక్కడున్న ప్రతి చొక్కా ఎడమ చెయ్యీ ఆవిడదే. అందరూ చొక్కాలు తీసి ఇక్కడ పెట్టండి. ముందు ఆ చేతులు ఊడదీసి, ముత్తాత చెయ్యంత పొడుగు చేసిస్తాను. ఆ తర్వాత ఆవిడ పేరు తీస్తాను. పెద్దవారు, మీతోనే మొదలెడదాం."

ఆమె కత్తెర తెరిచి పట్టుకుని నిలబడింది. ఎవరూ బొత్తం మీద చెయ్యి వెయ్యలేదు. వాళ్ళంతా ఒకరి మణికట్టు ఒకరు చూసుకున్నారు, ఆ తర్వాత ఎవరిది వాళ్ళు చూసుకున్నారు. ఒక బాబాయి లేచి, కుర్చీ తీసుకెళ్ళి ముందు వరసలో వేసి, పెద్దమ్మ కోసం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కర్ర టకటకలాడించుకుంటూ హాలు మధ్యగా నడిచి వచ్చి పెదనాన్నకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పు బావా" అంది. "మా అమ్మ బతికిందా, లేదా?"

పెదనాన్న కుడిచేత్తో ఎడమ కఫ్ పట్టుకుని కిందికి లాగాడు. అది రాలేదు. ఇంకా లాగాడు. కాజాలక్క తీసిన కాజా దగ్గర గుడ్డ బిగుసుకుంది గానీ మణికట్టు కప్పలేదు. ఆయన లాగడం మానేసి, ఆ చేతిని ఇంకో చేత్తో పొదివి పట్టుకున్నాడు.

"బతికింది" అన్నాడు.