అడిగితే ఇవ్వాల్సిన ఇంజన్

నా భర్త వెర్లిన్ ఫిబ్రవరిలో పోయారు. ఆయన చివరగా కట్టిన ఇంజన్ గ్యారేజీలో స్టాండు మీద పాత దుప్పటి కింద ఉండిపోయింది. ఏప్రిల్‌లో ఆయన తమ్ముడు రోలీ వచ్చి, దాన్ని పికప్ ట్రక్కులో బిగించుకోనా అని అడిగాడు. ట్రక్కు అన్నదమ్ములిద్దరిదీ. కట్టేది అన్న, పందెంలో తోలేది తమ్ముడు. పదహారేళ్ళుగా అంతే. నేను సరేనని ఒక్క షరతు పెట్టాను. ఎప్పుడూ మొదట రాకూడదని.

ఎందుకని అతను అడగలేదు. కెటిల్ లేక్ ట్రాక్ మీద తిరిగేవాళ్ళెవరూ అడగరు. అక్కడ పందెం గెలిచిన ట్రక్కు ఇంజన్‌ను, ఆ పందెం చివరిదాకా నడిపిన ఏ డ్రైవరైనా పన్నెండు వందల డాలర్లిచ్చి కోరి తీసుకోవచ్చు. పావుగంటలోపు డబ్బు, ట్రక్కులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టాలి. ఇవ్వనంటే ఆ గెలుపు చెల్లదు, నాలుగు వారాలు ట్రాక్ మీదికి రానివ్వరు.

ఆ నిబంధన రాసింది వెర్లినే. అంతకుముందు పశువుల దాణా వ్యాపారి ఒకాయన తొమ్మిది వేలు పోసి ఇంజన్ చేయించుకొచ్చాడు. రెండు వేసవులు ఇంకెవరూ గెలవలేదు. ఇరవై రెండు ట్రక్కుల్లో పదకొండు ఇళ్ళ దగ్గరే ఆగిపోయాయి. వెర్లిన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద రాస్తే నేను టైపు చేశాను. పన్నెండు వందలకు ఎవరైనా పట్టుకుపోతారని తెలిస్తే తొమ్మిది వేలు ఎవరు పోస్తారు అన్నారాయన. మన ఇంజన్నే అడిగితే అన్నాను. మళ్ళీ కట్టుకుంటాను అన్నారు. తర్వాతి ఏళ్ళలో అలా రెండు పోయాయి. రెండు సార్లూ ఆయన మళ్ళీ కట్టుకున్నారు.

ఇప్పుడు మళ్ళీ కట్టే మనిషి లేరు.

ఆ వేసవంతా రోలీ రెండో స్థానంలో వచ్చాడు. ముందుంటే చివరి మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేవాడు. జులైలో వేయించిన చీజ్ ముక్కలు అమ్మే బండి దగ్గర ఒక పెద్దమనిషి, రోలీకి ఒకటో అంకె రాదా, మీరైనా నేర్పలేదా టీచరమ్మా అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు.

ఆగస్టు మూడో ఆదివారం కార్లా స్టెపానెక్ గెలిచింది. పాల ట్యాంకరు నడుపుతుంది. పదేళ్ళ వయసులో నా తరగతిలో చదువుకుంది. ఏడేళ్ళుగా పందెంలో దిగుతోంది, గెలవడం అదే మొదలు. చివరి మలుపులో ఆమె ట్రక్కు వెనక నీలం పొగ కక్కుతోంది. రోలీ ముందున్నాడు. అతను కాలు తీసినప్పుడు ఇంజన్ చప్పుడు తగ్గడం ప్రేక్షకుల మెట్ల మీద కూర్చున్న నాకే తెలిసింది. పక్కనే ట్రక్కు తోలుతున్న కార్లాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

బహుమతి పుచ్చుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, రోలీ నాకు దారిచ్చాడు."

సంచీ జరిపి పక్కన చోటిచ్చాను. ఆమె కూర్చోలేదు.

"ఎందుకో మాకందరికీ తెలుసు. మీ మీద గౌరవంతో ఎవరూ అనడం లేదు. కానీ నా మొదటి గెలుపు టీచర్ ఇది. నేను గెలిచానో, మీరు ఇచ్చారో తెలీకుండా ఇంటికెళ్ళాలి."

మరి నీ ఇంజన్ ఎవరైనా కోరారా అని అడిగాను, ఏదో ఒకటి అనాలని.

"దాన్నా? అడిగితే దండం పెట్టి ఇచ్చేదాన్ని," అంది. నవ్వబోయి, నవ్వలేక వెళ్ళిపోయింది.

ఒక వస్తువును దాచుకుంటున్నాననే అనుకున్నాను నేను. వారం వారం ఇంకొకరి గెలుపును పాడుచేస్తున్నానని అనుకోలేదు. ఇంటికి వెళ్తూ దారిలో, చివరి పందెంలో కాలు తీయొద్దని రోలీకి చెప్పాను.

"వదినా, నిజంగా తొక్కితే ఇది గెలుస్తుంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"గెలిస్తే ఎవరో ఒకరు అడుగుతారు."

అడగరేమో అన్నాను. ఆ మాట ఇద్దరం నమ్మలేదు.

సెప్టెంబరు రెండో ఆదివారం సీజన్‌లో ఆఖరి పందెం. రోలీ తొమ్మిదో చుట్టులో ముందుకు వచ్చాడు. ఆ తర్వాత అతని దగ్గరికి ఎవరూ రాలేదు. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. కార్లా ఏడో స్థానంలో, ఇంజన్ దడదడలాడుతుండగా గీత దాటింది.

నేను ఇన్‌స్పెక్టరు షెడ్డుకు వెళ్ళేసరికి డబ్బు బల్ల మీద ఉంది. కార్లా పక్కన నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు ఆర్విన్ మా పెళ్ళికి వచ్చినవాడు. రోలీ వైపు చూడకుండా నా వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. సీజన్ ఇవాళ్టితో అయిపోయింది. నాలుగు వారాలు రానివ్వకపోయినా అప్పుడు ఇక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదు. గెలుపు రెండో ట్రక్కుకు పోతుంది, అంతే. కాదన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

"కాదనే రాసుకో," అన్నాడు రోలీ. "సిగ్గుండాలి కార్లా. మా అన్న చేత్తో కట్టిన చివరిది అది."

కార్లా చెవులు ఎర్రబడ్డాయి. డబ్బు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"నా ఇంజన్ బ్లాకు పగిలింది టీచర్. వచ్చే వేసవికి ఇంకోటి కట్టించుకునే స్తోమత నాకు లేదు. ఆయన ఈ రూలు పెట్టింది నాలాంటివాళ్ళ కోసమే కదా. మీరు కాదంటే నేనేమీ నొచ్చుకోను. అడక్కుండా మాత్రం వెళ్ళలేకపోయాను."

కాదనడం ఎంత తేలికో ఆర్విన్ చెప్పాడు. నిజమే, ఒక్క మాట. ఆ మాట అంటే ఇంజన్ నాతో ఇంటికి వస్తుంది, మళ్ళీ దుప్పటి కప్పుకుంటుంది. రోలీ వచ్చే ఏడాది కూడా రెండో స్థానంలో వస్తాడు.

"దింపు రోలీ," అన్నాను.

అతను బయటికి వెళ్ళి చాలాసేపు ట్రక్కు పక్కన నిలబడ్డాడు. తర్వాత పానాలు తెచ్చుకున్నాడు. నిబంధన ప్రకారం కార్బ్యురేటర్, స్టార్టరు, పొగ గొట్టాలు మావే. వాటిని ఒక్కొక్కటే విప్పి గుడ్డ మీద పేర్చాడు. కార్లా సాయం పట్టింది. మొదటి అరగంట వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. గొలుసు కప్పీతో ఇంజన్‌ను పైకెత్తాక మాట్లాడుకోక తప్పలేదు.

"కొంచెం ఎడమకి."

"నీ ఎడమా, నా ఎడమా?"

"బుర్రున్నవాళ్ళ ఎడమ."

"అయితే మనిద్దరిదీ కాదు," అంది కార్లా. రోలీ మూతి బిగించుకున్నాడు కానీ, నవ్వు వచ్చిందని నాకు తెలిసింది.

ఇంజన్ ఆమె ట్రైలరు ఎక్కింది. తాళ్ళు బిగించి, చేతులు తుడుచుకుంటూ కార్లా నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందేమో, ఏం బదులు చెప్పాలో అని బెంగపడ్డాను. ఆమె ఆ మాట ఎత్తలేదు.

"ఆయన దీన్ని ఎలా చూసుకునేవారు టీచర్?"

ఫిబ్రవరి నుంచి జనం నా దగ్గరికి గిన్నెల్లో వండినవి తెచ్చారు, గొంతులు తగ్గించి మాట్లాడారు. ఆయన గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. పందానికి పందానికీ కొత్త నూనె పోసేవారని చెప్పాను. మూడు పందేలకోసారి వాల్వుల సందు చూసేవారని, అదీ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడేనని చెప్పాను. నాకు అంత తెలుసని నాకే తెలియదు. కార్లా పెన్ను తీసి అరచేతి మీద రాసుకుంటోంది.

"స్టార్ట్ చేసి వెంటనే తొక్కొద్దు. ఆయనైతే ఒక కప్పు కాఫీ తాగడం అయ్యేదాకా ఆగేవారు."

"ఎంత కప్పు?"

రెండు చేతులతో చూపించాను.

"వేడి కాఫీయా, చల్లారిందా?" ఆమె నిజంగానే అడుగుతోంది.

"ఊదుకుంటూ తాగేవారు," అన్నాను.

అదీ రాసుకుంది.