సున్నం పట్టని రాయి

మా నాన్న లాజరు పోయి నాలుగేళ్లు. మొన్నటిదాకా ఆయనది ఉత్త సిమెంటు సమాధి. ఏటా ఈస్టర్ ముందురోజు నేను మిర్యాలగూడ నుంచి గరిడేపల్లి వచ్చేదాన్ని. అమ్మా నేనూ సమాధికి సున్నం వేసేవాళ్లం, వానలకు చెరిగిన పేరును అమ్మ నీలం రంగుతో మళ్లీ రాసేది. ఓసారి చనిపోయిన తేదీ తప్పు రాసి, దాని మీదే సున్నం కొట్టి నవ్వింది. దిద్దుకోవడానికి అరనిమిషం పట్టలేదు.

ఈసారి మా తమ్ముడు సురేందర్ పెద్దమనిషిలా పూనుకుని, కోదాడలో నల్ల గ్రానైట్ రాయి చేయించి పాతించాడు. మిషన్‌తో చెక్కిన నాన్న ఫొటో, పక్కనే బతికున్న అమ్మ ఫొటో. ఇద్దరికీ ఒకే రాయి అయితే మళ్లీ పని ఉండదట. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

శనివారం అమ్మ తన పేరు కింద వేలు పెట్టి చదివింది. సుగుణమ్మ. జననం 1958. మరణం 202. ఆ తర్వాత ఒక్క అంకెకు సరిపడా ఖాళీ.

ఇప్పటి ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిది దాకా వేళ్ల మీద లెక్కేసుకుంది. "శ్రీలతా, నాకింక మూడేండ్లేనా?" అంది.

రాయి చెక్కిన దుకాణానికి ఫోన్ చేసి నిలదీశాను. "అందరికీ ఆ 202 అలాగే వస్తుందండీ, కంప్యూటర్లో ముందే పెట్టేసి ఉంటుంది. చెక్కాక చెరపటం కుదరదు, రాయి మార్చాల్సిందే," అన్నాడు అవతలి మనిషి. తమ్ముడేమో, "గదెవరు సూస్తరక్కా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అమ్మ ఇంకా వేళ్లు లెక్కపెడుతూనే ఉంది. "రాయికేం తెలుసమ్మా? పిచ్చి భయాలు పెట్టుకోకు," అని కసిరాను.

అమ్మ వినలేదు. అలవాటు కొద్దీ తెచ్చిన సున్నం డబ్బా తెరిచి, కుంచెతో ఆ అంకెల మీద రెండు పూతలు పూసింది. "ముప్పై వచ్చేదాక ఏటా పూస్త బిడ్డా," అంది.

ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని అందరం వెళ్లాం. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే చినుకులు పడ్డాయి. నున్నటి రాయి మీద సున్నం నిలవలేదు, పాలలా జారిపోయింది. ముందు రెండు బయటపడింది, తర్వాత సున్నా. అమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది.

నేను వంగి ఆ అంకెల మీద అరచేయి పెట్టాను. రాయి చల్లగా తగిలింది. ప్రార్థన అయిపోయింది, అందరూ ఆమెన్ అన్నారు. వాన ఆగలేదు. చేయి తీయడానికి నాకు భయమేసింది.