బీరువాలో పన్నెండు గదులు

నేను ఒక టెన్సుల చార్టుని. గుడ్డకు అంటించిన మందపాటి కాగితం, పైనా కిందా రెండు చెక్క బద్దలు, వేలాడదీయడానికో ఎర్రతాడు, ఇదీ నా ఆకారం. ఒంటినిండా పన్నెండు గదులున్నాయి. ఇంగ్లీషులో జరిగిపోయిన పనులూ, జరుగుతున్నవీ, జరగబోయేవీ అన్నీ ఆ గదుల్లోనే కాపురం ఉంటాయి. ప్రతి గదిలోనూ ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకే ఒక ఆడమనిషి, ఆవిడ చేతిలో మామిడిపండు. ఒక గదిలో తింటుంది, ఇంకో గదిలో తింటూ ఉంటుంది, పక్క గదిలో అప్పటికే తినేసి ఉంటుంది. పన్నెండు గదుల్లో తిన్నా ఆ పండు తరగలేదు, ఆవిడకు విసుగూ రాలేదు. ఇంత ఇల్లు ఉన్న నేను ఏడేళ్లపాటు ఊపిరాడని ఇనుప బీరువాలో ఒంటికాలి మీద నిలబడ్డాను.

పుట్టింది విజయవాడలో, ఒక ప్రెస్సులో. రంగులు ఆరడానికి తీగ మీద వేస్తే రెండు రోజులు గాలికి ఊగాను. బతుకంతా ఇలాగే ఊగుతూ ఉంటాననుకున్నాను, పిచ్చిదాన్ని. తర్వాత జీర్ణవ్యవస్థ, సౌరకుటుంబం, భారతదేశపు నదులు వగైరా పదిహేనుమందితో కలిపి నన్ను కట్టగట్టి, బొబ్బిలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలుకి పంపారు.

ఆ స్కూలు హెడ్మాస్టరు జగన్నాథరావు గారు చెడ్డవారు కాదు, జాగ్రత్త మనిషి. మమ్మల్ని ఒక్కొక్కరినీ విప్పి చూసి, స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. ‘టెన్సు చార్టు, ఒకటి, కండిషన్: బాగుంది’ అని నా పేరున రాశారు. ఆ మాటకు నేను పొంగిపోయాను. మరుక్షణం నన్ను చుట్టి, ప్లాస్టిక్ కవరులో దూర్చి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. పిల్లల చేతికిస్తే చిరిగిపోతామట, చిరిగితే జవాబు చెప్పుకోవాలట. పిల్లల కోసమే పుట్టిన మమ్మల్ని పిల్లల బారినుంచి కాపాడటం ఆయన ఉద్యోగమైపోయింది.

చుట్టేసిన చార్టుకి తన అక్షరాలు తన వీపుకే ఒత్తుకుంటాయి. చీకటి, కలరా ఉండల వాసన, ఎండాకాలం వస్తే ఇనుము కాలిన వేడి. నాలో కాలాలు ఎన్ని ఉంటేనేం, బీరువాలో నిన్నా లేదు, రేపూ లేదు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ వస్తే మాత్రం నన్ను పదో తరగతి గోడకు తగిలించేవారు. పిల్లలు నన్ను ఎవరింటికో వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసేవారు. నాలుగు గంటలకు మళ్లీ చుట్టేసేవారు. ఆ తాళం పడే చప్పుడుకు నాకు ఏడుపొచ్చేది, దాచుకోవడం దేనికి.

ఇంగ్లీషు మాస్టారి పోస్టు ఖాళీ కావడంతో ఆ పాఠం హెడ్మాస్టరుగారే చెప్పేవారు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఒంటరిగా వచ్చి, నన్ను విప్పి, పెదవుల్లోనే చదువుకున్నారు. గదులన్నీ దాటి చిట్టచివరి గదికి వచ్చారు. ‘షీ విల్ హావ్ బీన్ ఈటింగ్’ దగ్గర ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అక్కడే ఆగారు. గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూసి, గబగబా చుట్టేశారు. ఆ తాళం వెనక దాగింది నేనొక్కదాన్నే కాదని ఆ రోజు తెలిసింది.

మా బీరువా ఉన్నది మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పెట్టే గదిలో. అందువల్ల వంటమనిషి పైడమ్మ గొంతు నాకు రోజూ వినబడేది. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఏడో తరగతిలో చదువు మానేసి, ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడుతోంది. అన్నీ పాసైంది, ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది. వాళ్ల వీధిలో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ పడబోతోంది. దానికి పదో తరగతి కావాలి, ముప్పై అయిదు దాటితే దరఖాస్తే తీసుకోరు. ఈసారి తప్పితే ఇక జన్మంతా ఆ గరిటే.

బియ్యం చెరుగుతూ ‘గో వెంట్ గాన్, ఈట్ ఏట్ ఈటెన్’ అని నీళ్లు తాగినట్టు అప్పజెప్పేది. ఏది ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియక తల పట్టుకునేది. ఆమె వెతికేది నా దగ్గర ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క ఇనుప రేకు. నోరుంటే అరిచేదాన్ని.

ఒకరోజు అడగనే అడిగింది. “మాస్టారూ, ఆ టెన్సుల అట్ట ఒక్క వారం ఇయ్యండి బాబూ. సేతులు కడుక్కునే ముట్టుకుంటాను.”

“అది స్టాకు ఐటమమ్మా,” అన్నారాయన ఇబ్బందిగా. “వచ్చే ఏడు రిటైరవుతున్నాను. దానికేమైనా అయితే నా పెన్షన్ కాగితాల దగ్గర పేచీ పెడతారు. పుస్తకంలో అన్నీ ఉంటాయి, చదువుకో.”

పరీక్ష పది రోజులుందనగా ఇన్‌స్పెక్షన్ వచ్చింది. మా పదహారుమందినీ గోడలకు ఎక్కించారు. వచ్చిన ఆఫీసరు నా ముందు నిలబడి ‘వెరీగుడ్’ అని, భోజనం చేసి లేచారు. హెడ్మాస్టరుగారు ఆయన్ని బస్సెక్కించడానికి వెళుతూ, తాళంచెవి విప్పి పైడమ్మ చేతిలో పెట్టారు. “అన్నీ చుట్టి లోపల పెట్టెయ్. పదహారు ఉండాలి, సరిచూసుకో.”

ఆమె పదిహేనుమందిని బుద్ధిగా చుట్టి పెట్టింది. నన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి గోడ మీదున్న పాత క్యాలెండరు లాగి, చుట్టి, నా కవరులో దూర్చింది. బీరువాలో పదహారు చుట్టలు నిలబడ్డాయి. ఏడేళ్లలో మొదటిసారి ఆ తాళం చప్పుడు బయటినుంచి విన్నాను.

బయటపడ్డానంటే విడుదలైనట్టు కాదు. నన్ను వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించింది. తలుపు తెరిచి ఉన్నంతసేపూ గోడకీ చెక్కకీ మధ్య నలిగేదాన్ని. పొగకి మామిడిపండు నల్లబడింది. తలుపు మూస్తే పోపు చిటపటలు నా మీదే పడేవి. కానీ పొద్దున్నే ఎసరు పెట్టి తలుపు మూసిందంటే, ఆ గంట నాది. ఆమెకు మామిడిపండు నచ్చలేదు. ప్రతి గదిలోనూ తన అన్నం డేకిసా పెట్టుకుంది. అన్నం ఉడికింది, ఉడుకుతోంది, ఉడికిపోయి ఉంది అని పసుపు వేలితో ఒక్కో గదీ తడుముతూ తిరిగేది. ఎవరైనా నా లోపలికి రావడం అదే మొదలు.

పరీక్ష రెండు రోజులుందనగా, హెడ్మాస్టరుగారు రోజూలాగే పిల్లలకంటే ముందు పప్పు రుచి చూడటానికి వచ్చారు. గాలి కొట్టి తలుపు దభాలున మూసుకుంది. ఆయనా నేనూ ఎదురెదురుగా ఉన్నాం.

ఆయన ముఖం ఎర్రబడింది. “ఇది దొంగతనం పైడమ్మా. నేను పైకి రాశానంటే నీ వంటపనీ పోతుంది, ఆ అంగన్‌వాడీ పనీ రాదు. తెలుసా?”

పైడమ్మ కాళ్లు పట్టుకోలేదు. గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. “రాసీండి మాస్టారూ. తప్పు సేశాను. పరీచ్చ ఎల్లుండి. అది రాసొచ్చినదాకా ఆగి రాయండి.”

ఆయన నన్ను మేకు మీదనుంచి తియ్యబోయి, ఆగారు. నా చిట్టచివరి గదిలో పసుపు వేలిముద్ర కనబడింది. అన్నింటికంటే అదే చిక్కగా ఉంది, ఎన్నిసార్లు తడిమిందో. ఆయన గొంతు తగ్గింది. “ఇది... ఇది నీకు తెలిసిందా?”

“ఆ గదిలో నాలుగు దినాలు ఉండిపోనాను. మీరు ఒంటిగంటకి బెల్లు కొట్టినసరికి, ఈ అన్నం గంటనించి ఉడుకుతా ఉంటాది. అంతే కదండీ?”

డేకిసా మూత కింద ఎసరు కుతకుతమంటోంది. ఆయన దాని వంక చూశారు, నా వంక చూశారు, పెదవులు కదిపారు. ఈసారి మధ్యలో ఆగలేదు. తర్వాత వెనుదిరిగి వెళ్లిపోయారు. పప్పు రుచి చూడటం కూడా మరిచారు.

ఆ సాయంత్రం నేను పడ్డ భయం బీరువాలో కూడా పడలేదు. మళ్లీ లోపలికి వెళ్లడం తలుచుకుంటే తాడు బిగుసుకుపోయింది. మర్నాడు ఆయన స్టాకు రిజిస్టరు చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చారు. బియ్యం బస్తా మీద కూర్చుని, నా పేరు వెతికి, ఎర్రసిరాతో గీత కొట్టి, పైకే చదువుకుంటూ రాశారు. ‘టెన్సు చార్టు, ఒకటి. చెదలు తినివేసినందున తొలగించడమైనది.’ సంతకం పెట్టారు. లేచి, పప్పు గరిటెతో అరచేతిలో వేసుకుని నాకారు.

“ఉప్పు తగ్గింది ఇవాళ,” అని వెళ్లిపోయారు.

పైడమ్మ పాసైంది. ఇంగ్లీషులో నలభై ఒక్క మార్కులు. ఇప్పుడు నేను అంగన్‌వాడీ గోడ మీద, కిటికీ పక్కన, గాలికి ఊగుతున్నాను. మూడేళ్ల పిల్లలకు నా కాలాలతో పనిలేదు. నల్లబడ్డ మామిడిపళ్లు లెక్కపెడతారు, పన్నెండు దాకా వెళ్లలేక ఏడు దగ్గర తప్పి మళ్లీ మొదలెడతారు. ఒకడు మొన్న ఒక పండుని నాకేశాడు కూడా. కింది బద్ద ఊడింది, ఒక మూల చిరిగింది. పైడమ్మ గంజి రాసి అతికించింది. నాకిది హాయిగానే ఉంది.

కానీ నన్ను ఇక్కడికి తెచ్చిన రోజు మరుపు రాదు. పైడమ్మ నన్ను చంకలో పెట్టుకుని ఆ బీరువా ముందునుంచే నడిచింది. లోపల జీర్ణవ్యవస్థ, సౌరకుటుంబం, నదులు, నా పదిహేనుమంది తోబుట్టువులూ నిలబడే ఉన్నారు. పక్క బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. అందులో నా పేరు మీద ఎర్రగీత ఉంది. వాళ్లందరి పేర్లకు ఎదురుగా ‘కండిషన్: బాగుంది’ అని ఉంది.